సోషియాలజీ అసైన్‌మెంట్: కామ్టే, మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్‌లని ఎట్లా పోల్చాలి? (తెలుగు మీడియం)

బ్రోడీపేట రమ్య

అందరికీ నమస్తే అండి. నేను గుంటూరులో ఒక బట్టల షాపులో అకౌంట్స్ చూస్తాను, డిగ్రీ అయ్యాక పెళ్ళి, పిల్లలు అని చాలా గ్యాప్ వచ్చేసి ఇప్పుడు డిస్టెన్స్‌లో ఎం.ఏ. సోషియాలజీ కట్టాను. ఒక అసైన్‌మెంట్ దగ్గర ఇరుక్కుపోయా. ప్రశ్న ఏంటంటే, సమాజశాస్త్ర స్థాపనలో తొలి ఆలోచనాపరుల కృషిని పోల్చి విశ్లేషించండి. గైడ్ తీస్తే కామ్టే ఎప్పుడు పుట్టాడు ఏం రాశాడు, స్పెన్సర్ ఎప్పుడు పుట్టాడు ఏం రాశాడు, తర్వాత మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్, అందరిదీ అదే వరస. పోల్చడం అనేది ఎక్కడా లేదు.

ఇంకోటి, మా వాట్సాప్ గ్రూపులో దీని మీద పెద్ద రచ్చ. ఒకాయన సోషియాలజీ పితామహుడు కామ్టే అంటాడు, ఒకామె కాదు ఇబ్న్ ఖల్దూన్ అంటుంది, ఇంకో అబ్బాయి అసలు సిసలు డర్క్‌హైమే అంటాడు, ముగ్గురూ పోటీలు పడి యూట్యూబ్ లింకులు పెడుతున్నారు. ఎవరిది కరెక్టు? ఎవర్ని రాయాలి, ఎవర్ని వదిలేయొచ్చు? షాపు మూసి ఇంటికొచ్చేసరికి పదవుతుంది, పెద్ద పెద్ద పుస్తకాలు చదివే టైం లేదు, అట్లాగని గైడ్ మక్కీకి మక్కీ దించి పంపడం నాకిష్టం లేదు. కొంచెం దారి చూపించండి ప్లీజ్.

తెనాలి ప్యాసింజర్

అక్కా టెన్షన్ పడకు. ఐదుగురు చాలు, కామ్టే, స్పెన్సర్, మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్. ఒక్కొక్కళ్ళకి మూడు పాయింట్లు రాసి చివర్లో స్కేలు పెట్టి నీట్‌గా ఒక టేబుల్ గీసెయ్. దిద్దేవాళ్ళకి టేబుల్ కనపడితే మార్కులు పడిపోతాయి. నేనట్లాగే గట్టెక్కా.

పటమట మాస్టారు

టేబుల్‌కి మార్కులు పడతాయి బాబూ, కాదనను. కానీ రమ్యగారు అడిగింది అది కాదుగా.

అమ్మా, నేను విజయవాడలో డిగ్రీ కాలేజీలో ఈ సబ్జెక్టు చెప్పి రిటైరయ్యాను. పిల్లలకి ఎప్పుడూ ఒకటే చెప్పేవాడిని, వీళ్ళల్లో ఎవరు ఎవరితో గొడవ పడ్డారో పట్టుకోండి, పోలిక దానంతటదే బయటికొస్తుంది అని. ఈ పెద్దమనుషులెవరూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు బుద్ధిగా వచ్చి తలా ఒక ఇటుక పెట్టిపోయిన వాళ్ళు కాదు, ఒకడు చెప్పింది ఇంకొకడికి నచ్చక రాసినవే సగం పుస్తకాలు.

కామ్టేని తీసుకోండి. 1798లో పుట్టాడు, ఫ్రెంచి విప్లవం వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళు. రాజు తల పోయింది, చర్చి పట్టు సడలింది, ప్రభుత్వాలు మారిపోతూనే ఉన్నాయి, ఇంక ఈ సమాజం దేన్ని పట్టుకుని నిలబడాలి అనేది ఆయన బెంగ. 1817 నుంచి సెయింట్ సైమన్ అనే ఫ్రెంచి ఆలోచనాపరుడి దగ్గర సెక్రటరీగా చేసి 1824లో పోట్లాడుకుని బయటికొచ్చేశాడు. 1830 నుంచి 1842 దాకా పాజిటివ్ ఫిలాసఫీ అని ఆరు సంపుటాలు రాశాడు. మొదట్లో ఈ కొత్త శాస్త్రాన్ని సోషల్ ఫిజిక్స్ అనేవాడు, ఈలోగా బెల్జియంలో కెటెలే అనే లెక్కల మనిషి 1835లో అదే పేరు తన పుస్తకానికి వాడుకున్నాడు, మనవాడికి ఒళ్ళు మండి 1839లో వచ్చిన నాలుగో సంపుటంలో సోషియాలజీ అని వేరే పేరు పెట్టాడు. అంటే మన సబ్జెక్టు పేరే ఒక అలకలోంచి పుట్టింది.

మూడు దశల సూత్రం మీ గైడులో ఉండే ఉంటుంది. అన్నీ దేవుడే చేస్తున్నాడనుకునే దశ, తర్వాత ఏదో కంటికి కనపడని శక్తో తత్వమో చేయిస్తుందనుకునే దశ, చివరికి చూసి, పోల్చి, నియమం పట్టుకునే దశ. సమాజం కూడా ఆ మూడో దశకి రావాలి, దాన్ని కూడా సైన్సులా చదవాలి అన్నాడు. బాగానే ఉంది. తమాషా ఏంటంటే పరిశీలన పరిశీలన అని అంత చెప్పిన మనిషి తను ఒక ఊరికి పోయి నలుగుర్ని కదిలించి రాసింది లేదు. పైగా బుర్ర కలుషితమవుతుందని ఒక దశలో ఇతరుల పుస్తకాలు చదవడమే మానేశాడు, దానికి మెదడు శుభ్రత అని పేరు కూడా పెట్టుకున్నాడు! ఆఖరికి మానవతా మతం అని ఒకటి స్థాపించి తనే ప్రధాన పూజారినన్నాడు. పేరు పెట్టిన గౌరవం ఆయనకివ్వండి, ప్లాన్ గీసిన గౌరవం ఇవ్వండి, ఇల్లు కట్టిన గౌరవం మాత్రం ఇవ్వొద్దు.

అదే టైములో ఇంగ్లండులో హారియట్ మార్టినో అని ఒకావిడ ఉంది. మన గైడులు ఈమెని కామ్టే అనువాదకురాలు అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి, నాకు భలే కోపం వస్తుంది. నిజమే, 1853లో ఆ ఆరు సంపుటాల్ని రెండింటికి కుదించి ఇంగ్లీషులోకి తెచ్చింది, అది ఎంత బాగుందంటే కామ్టే తన శిష్యుల్ని దాన్నే చదవమన్నాడు. కానీ అంతకు చాలా ముందే, 1834లో అమెరికా వెళ్ళి రెండేళ్ళు తిరిగింది. ఆవిడకి చెవుడు. ఒక గొట్టం చెవికి పెట్టుకుని, దాని రెండో చివర ఎదుటివాళ్ళ నోటి దగ్గర పెట్టి మాట్లాడించేది. అట్లా తిరిగి 1837లో ఏం రాసిందో చూడండి: మనుషులందరూ సమానం అని మీరే కాగితం మీద రాసుకున్నారు, సరే, మరి బానిసల సంగతేంటి, ఓటు లేని ఆడవాళ్ళ సంగతేంటి, మీ మాటతోనే మిమ్మల్ని కొలుస్తాను అంది. మరుసటేడు 1838లో సమాజాన్ని ఎట్లా పరిశీలించాలి అని విడిగా ఒక పుస్తకమే వేసింది, మనుషులు నోటితో చెప్పేది ఒక్కటే నమ్మొద్దు, వాళ్ళ సమాధుల మీద రాతలు చూడండి, పాడుకునే పాటలు వినండి, జైళ్ళు చూడండి అని. సోషియాలజీ అనే పేరు అచ్చులోకి రాకముందే పద్ధతి పుస్తకం వచ్చేసిందన్నమాట. మీ అసైన్‌మెంటులో ఈమెకి ఒక పేరా తప్పకుండా ఇవ్వండి, మిగతావాళ్ళవాటిలో ఉండదు, మీది ఆగి చదువుతారు.

ఇక డర్క్‌హైమ్. ఈయన గొడవ ఇద్దరితో. ఒకటి ఇంగ్లండు ఆలోచనాపరుడు హెర్బర్ట్ స్పెన్సర్‌తో. మనుషులు ఎవరి లాభం వాళ్ళు చూసుకుని ఒప్పందాలు చేసుకుంటూ పోతే సమాజం దానంతటదే నడుస్తుందని స్పెన్సర్. 1893లో శ్రమ విభజన పుస్తకంలో డర్క్‌హైమ్ దాన్ని పట్టుకుని, అయ్యా ఒప్పందాన్ని నిలబెట్టాలి అనే నమ్మకం ఒప్పందంలో రాసి ఉండదు కదా, అది ముందే ఉండాలి కదా అన్నాడు. రెండోది గాబ్రియెల్ టార్డ్ అనే ఇంకో ఫ్రెంచి ఆలోచనాపరుడితో. సమాజమంటే ఒకళ్ళని చూసి ఒకళ్ళు అనుకరించడమే అని టార్డ్, కాదు, విడి మనిషికి బయట ఉండి అతని మీద ఒత్తిడి పెట్టేదొకటి ఉంది, దాన్ని ఒక వస్తువులాగా చదవొచ్చు అని డర్క్‌హైమ్. 1903లో పారిస్‌లో ఇద్దరూ ఎదురెదురుగా వాదించుకున్నారు కూడా.

ఆయన 1897 పుస్తకం ఆత్మహత్యల మీద. అంత ఒంటరి, అంత సొంత విషయం ఇంకోటి లేదనుకుంటాం కదా, కావాలనే దాన్ని ఎంచుకున్నాడు. ఒక్కొక్కళ్ళ కథ కాదు, రేట్లు తీశాడు. మేనల్లుడు మార్సెల్ మాస్ కూర్చుని రికార్డులు వర్గీకరించి పెట్టాడు. ఒక దేశంలో ఆ రేటు ఏటేటా దాదాపు ఒకేలా ఉంటుంది, కాథలిక్కుల్లో కంటే ప్రొటెస్టెంట్లలో ఎక్కువ, పెళ్ళయినవాళ్ళలో కంటే కానివాళ్ళలో ఎక్కువ. దివాళా తీసినప్పుడు పెరగడం అందరూ ఊహించేదే, ఒక్కసారిగా డబ్బు వచ్చిపడ్డప్పుడు కూడా పెరుగుతుందని చూపించాడు, ఎందుకంటే ఇంతవరకు చాలు అని చెప్పే కట్టుబాటు రెండుసార్లూ తెగిపోతుంది. ఆ లెక్కల్లో లోపాలున్నాయని తర్వాతివాళ్ళు బాగానే దుమ్మెత్తిపోశారు, అయినా సమాజం అనేది కొలిచి చూపించదగ్గ విషయం అని గట్టిగా నిలబెట్టింది ఆ పుస్తకమే. 1887లో ఫ్రాన్సులోని బోర్డో యూనివర్సిటీలో పాఠం చెప్పడం మొదలెట్టాడు, 1898లో పత్రిక పెట్టాడు, శిష్యుల్ని తయారుచేశాడు. కామ్టేకి శిష్యులున్నారు గానీ డిపార్టుమెంటు లేదు. మీ గ్రూపులో డర్క్‌హైమ్ అన్న అబ్బాయి బహుశా ఇది దృష్టిలో పెట్టుకునే అని ఉంటాడు.

మార్క్స్, వెబర్ సంగతి ఇంకెవరైనా అందుకోండి, నాకు కళ్ళు లాగుతున్నాయి.

మిర్చియార్డ్ గుమస్తా

మాస్టారూ దండాలు. నేను చదివింది బీఏ వరకే, అది కూడా పదేళ్ళ కిందట, కానీ మీరు ఆ ఒప్పందం మాట చెప్పేతలికి ఆగలేకపోయా. నేను గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమస్తాని. రమ్యగారూ మీకు ఉదాహరణ కావాలంటే ఇక్కడికి రండి, మీ అయిదుగురూ ఇక్కడే దొరుకుతారు.

రైతు తెల్లారకముందే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు దించుతాడు. కొనేవాళ్ళు వచ్చి మూతి విప్పి గుప్పెడు కాయ తీసి, రంగు చూసి, తుంచి చూసి, గలగలమంటుందో లేదో ఊపి చూసి, తేజ రకం అయితే ఒక రేటు, తాలు, అంటే రంగు పోయిన కాయ కలిస్తే ఇంకో రేటు చెప్తారు. ఇంత సేపట్లో ఎవరూ ఎవరికీ సంతకం పెట్టేది ఉండదు. ఒప్పుకున్న రేటు కాటా అయ్యాక కాదంటే వాడి పని అయిపోయిద్ది, ఇంక యార్డులో వాడి మాట ఎవడూ నమ్మడు. డర్క్‌హైమ్ చెప్పింది ఇదే కదండీ, రాయని నమ్మకం?

మార్క్స్ వస్తే కాయ వంక చూడడు, టిక్కీ మోసే హమాలీ వంక చూస్తాడు, రైతు అప్పు వంక చూస్తాడు. పంటకి ముందే కమీషన్ కొట్టు దగ్గర పెట్టుబడి తెచ్చుకున్న రైతు పంట వేరే కొట్టుకి ఎట్టా తీసుకుపోతాడు? పేరుకి సొంత పొలం, సొంత పంట, నచ్చినచోట అమ్ముకునే స్వేచ్ఛ. వెబర్ వస్తే నా దగ్గరికే వస్తాడు, చిట్టా ఆవర్జా లెక్కల పుస్తకం తెరవమంటాడు, రశీదులు, లైసెన్సులు, మార్కెట్ కమిటీ రూల్సు చూపించమంటాడు. ఇంకొకాయన ఉన్నాడు, జార్జ్ సిమ్మెల్, మా లెక్చరర్ ఒక్క క్లాసు చెప్పాడు, ఇప్పటికీ గుర్తుంది. ఇద్దరున్న చోటికి మూడోవాడొస్తే ఆట మొత్తం మారిపోయిద్ది, ఇద్దరి మధ్య నిలబడి లాభపడే మూడోవాడు అని ఒక రకం ఉంటాడు అన్నాడంట. అది విన్నాక మా ఓనరు మొహం చూస్తే నాకు నవ్వాగలేదు.

లెనిన్ సెంటర్ పాతపుస్తకం

గుమస్తా గారూ సూపర్. మార్క్స్ గురించి నేను అందుకుంటా, వెబర్‌ని కూడా కలిపి.

మొదటిది, మార్క్స్ తనని తాను సోషియాలజిస్టు అని ఎప్పుడూ చెప్పుకోలేదు, కామ్టే అంటే ఆయనకి అస్సలు పడదు. మరి సిలబస్‌లో ఎందుకున్నాడు? కామ్టే, డర్క్‌హైమ్ ఇద్దరూ సమాజం ఎట్లా కలిసి ఉంటుంది అని అడిగితే, ఈయన కలిసి ఉన్నట్టు కనపడే చోట ఎవడి కష్టం ఎవడి జేబులోకి పోతుంది అని అడిగాడు. 1848 కమ్యూనిస్టు మ్యానిఫెస్టో, 1867 పెట్టుబడి (దాస్ క్యాపిటల్) మొదటి సంపుటం, ఈ రెండు తారీఖులు రాయండి చాలు. ఆ పెట్టుబడిలో ఆయన వాడిన సరుకంతా ఇంగ్లండు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల రిపోర్టులు, ప్రభుత్వం అచ్చేసిన బ్లూ బుక్కులు. పిల్లలు ఎన్ని గంటలు పనిచేస్తున్నారు, బేకరీలో రాత్రి షిఫ్టు ఎట్లా ఉంటుంది, అన్నీ సర్కారు కాగితాల్లోంచే తీసి సర్కారు మొహాన కొట్టాడు. ఆధారాల దగ్గర కామ్టే కంటే ఈయన చాలా నయం.

రెండోది, వెబర్ వచ్చి మార్క్స్‌ని తిరగేశాడు, డబ్బు కాదు మతమే కారణం అన్నాడు అని అందరూ రాసేస్తారు. అది తప్పు రమ్యగారూ, దయచేసి అట్లా రాయొద్దు. 1904–05లో వచ్చిన ప్రొటెస్టెంట్ నీతి వ్యాసాల్లో ఆయన అడిగింది, కాల్విన్ అనే ప్రొటెస్టెంట్ గురువు బోధ నమ్మినవాళ్ళకి తమకి మోక్షం ఉందో లేదో దేవుడు ముందే రాసేశాడు, తెలుసుకునే దారి లేదు, ఆ గుబులుతో బతికే మనిషి ఏం చేస్తాడు? ఒళ్ళొంచి పనిచేస్తాడు, సంపాదించింది విలాసాలకి తగలెయ్యడు, మళ్ళీ వ్యాపారంలో పెడతాడు, వ్యాపారం కలిసొస్తే దేవుడి దయ ఉందని గుర్తుగా చూసుకుంటాడు. అట్లా పెట్టుబడిదారీకి కావాల్సిన మనస్తత్వం ఒకటి తయారైంది అంటాడు. చివర్లో ఆయనే చెప్తాడు, ఒకవైపు నుంచే చూసే భౌతికవాదం తీసేసి ఒకవైపు నుంచే చూసే ఆధ్యాత్మికవాదం పెట్టడం నా ఉద్దేశం కాదని. కాబట్టి వెబర్ మార్క్స్‌కి ఎదురు నిలబడ్డాడు అనే కంటే మార్క్స్ వదిలేసిన గది తలుపు తీశాడు అనుకోండి.

డర్క్‌హైమ్‌తో వెబర్‌కి తేడా పద్ధతి దగ్గర. ఆయన బయట నుంచి రేటు కొలుస్తాడు, ఈయన ఆ పని చేసే మనిషికి ఆ పని అర్థం ఏంటో తెలుసుకోవాలి అంటాడు. విచిత్రం ఏంటంటే ఇద్దరూ ఒకే కాలం వాళ్ళు, ఒకళ్ళు 1917లో ఇంకొకళ్ళు 1920లో పోయారు, పక్కపక్క దేశాలు, అయినా ఒకళ్ళ గురించి ఒకళ్ళు పట్టించుకున్న పాపాన పోలేదు. మాస్టారి గొడవల ఫార్ములా ఇక్కడ ఒక్కచోట పనిచెయ్యదు 😀

వన్‌టౌన్ సలీమ్

ఇబ్న్ ఖల్దూన్ పేరెత్తినామె మా చెల్లెలేమో అనిపిస్తుంది, ఇంట్లో కూడా ఇదే గోల. ఆయన అరబ్బు చరిత్రకారుడు, 1332లో ట్యూనిస్‌లో పుట్టాడు, 1377లో ముఖద్దిమా అనే పుస్తకం రాశాడు, అంటే కామ్టేకి నాలుగున్నర శతాబ్దాల ముందు. అసబియ్యా అంటాడు, ఒక గుంపుని ఒక్కటిగా పట్టి ఉంచే కట్టు. ఎడారిలో కష్టపడి బతికే తెగలో అది గట్టిగా ఉంటుంది, వాళ్ళొచ్చి పట్నాన్ని గెలుస్తారు, తర్వాత సుఖం మరిగి రెండు మూడు తరాల్లో ఆ కట్టు వదులైపోతుంది, బయట నుంచి ఇంకో గుంపు వస్తుంది. చరిత్ర రాసేవాళ్ళు విన్నదల్లా రాయకుండా, సమాజంలో అది జరిగే వీలుందా అని ముందు తూచి చూడాలన్నాడు. ఇది సోషియాలజీ కాకపోతే ఏంటి మరి?

పటమట మాస్టారు

సలీమ్ గారూ, అది సోషియాలజీయే, సందేహం లేదు. కానీ స్థాపన అనే మాట వేరు. ముఖద్దిమా ఫ్రెంచిలోకి పూర్తిగా వచ్చింది 1860ల్లో, కామ్టే 1857లోనే పోయాడు. యూరప్ వాళ్ళు ఈయన దగ్గర్నుంచి మొదలెట్టలేదు, వాళ్ళ తంటా వాళ్ళు పడ్డారు. అందుకని రమ్యగారూ, ఖల్దూన్‌ని మొదటి పేరాలోనే, తర్వాత ఐరోపావాళ్ళు అడిగిన ప్రశ్న ఆయన ముందే అడిగాడు అని రాయండి. పితామహుడు ఎవరు అనే పంచాయితీ బిట్ పేపర్లకి పనికొస్తుంది, వ్యాసంలో దాన్ని తేల్చే పని పెట్టుకోవద్దు.

అరండల్‌పేట లా స్టూడెంట్

అందరూ యూరప్ దగ్గరే ఆగిపోయారు. ఇద్దర్ని కలపండి మేడం.

ఒకరు డుబాయిస్, అమెరికాలో నల్లజాతి ఆయన. 1899లో ఫిలడెల్ఫియా నీగ్రో అనే పుస్తకం, అంతకుముందు ఆ నగరంలో సెవెంత్ వార్డు అనే పేటలో తనే ఇల్లిల్లూ తిరిగి వేలమందితో మాట్లాడి రాశాడు. డర్క్‌హైమ్ ఆఫీసు రికార్డుల మీద పనిచేసిన కాలంలోనే ఈయన గుమ్మాల దగ్గర పనిచేశాడు.

రెండోది మన అంబేడ్కర్. 1916 మే 9న న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీ సెమినార్‌లో భారతదేశంలో కులాలు అనే పేపరు చదివాడు, అప్పటికి ఆయన వయసు 25. కులానికి ప్రాణం తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం, మిగతావన్నీ దాన్ని కాపాడే ఏర్పాట్లే అన్నాడు. భర్త పోయిన ఆడమనిషి గుంపులో మిగిలిపోతే ఆ కట్టుబాటుకి ప్రమాదం, అందుకే సతి, బలవంతపు వైధవ్యం, భార్య పోయిన మగవాడికి సరిపెట్టడానికి బాల్య వివాహం, ఇట్లా ఒక్కో ఆచారం ఎందుకు పుట్టిందో లెక్క వేసినట్టు విప్పి చూపిస్తాడు. మరి ఇది దేశమంతా ఎట్లా పాకింది అంటే పైవాళ్ళని చూసి కిందివాళ్ళు అనుకరించారు అంటూ ఎవర్ని తెచ్చాడో తెలుసా? పైన మాస్టారు చెప్పిన ఆ టార్డ్‌నే! ఫ్రాన్సులో డర్క్‌హైమ్ పక్కకి నెట్టేసిన మనిషి మన కులం గురించి చెప్పడానికి అక్కరకొచ్చాడు. కింది కులాలు పైకులాల ఆచారాల్ని అనుకరించడాన్ని సంస్కృతీకరణ అన్న సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ పుస్తకం 1952, అంటే దానికి 36 ఏళ్ళ ముందు మాట ఇది. బొంబాయి యూనివర్సిటీలో పాట్రిక్ గెడెస్‌తో సోషియాలజీ డిపార్టుమెంటు మొదలైంది కూడా 1919లోనే. సిలబస్‌లో స్థాపకుల చాప్టర్‌లో ఈయన పేరు ఎందుకుండదో నాకిప్పటికీ అర్థం కాదు.

బ్రోడీపేట రమ్య

అందరికీ ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. ఇవాళ మధ్యాహ్నం షాపులో బేరాల్లేక ఇదంతా కాగితం మీద ఎక్కించుకున్నా. ఇట్లా అనుకుంటున్నా: మొదట ఖల్దూన్ చిన్న పేరా, తర్వాత కామ్టే పక్కన మార్టినో, తర్వాత స్పెన్సర్‌తో టార్డ్‌తో డర్క్‌హైమ్ గొడవ, తర్వాత మార్క్స్, వెబర్, ఆఖర్న టార్డ్‌ని పట్టుకుని అంబేడ్కర్ దగ్గరికి. గుమస్తా గారి యార్డు మధ్యలో పెట్టుకోవచ్చా? ఇంకొక్క డౌటు, స్పెన్సర్‌కి విడిగా పేరా ఇవ్వాలా, గొడవలోనే సరిపెట్టేయొచ్చా?

మిర్చియార్డ్ గుమస్తా

పెట్టుకోండి మేడం, మా ఓనరు మాట మాత్రం రాయమాకండి.

పటమట మాస్టారు

వరస బాగుందమ్మా. స్పెన్సర్‌కి ఒక చిన్న పేరా పడెయ్యండి, ఆయన బతికుండగా వీళ్ళందరికంటే ఎక్కువగా జనం చదివింది ఆయన్నే. సమాజాన్ని శరీరంతో పోల్చాడు, సాదాగా ఉన్నది పెరిగేకొద్దీ భాగాలుగా విడిపోతుంది, ఒక్కో భాగానికి ఒక్కో పని అన్నాడు, ఆ తర్వాత సమాజంలో ప్రతి భాగానికీ ఒక పని ఉందంటూ వచ్చిన ఫంక్షనలిస్టులకి దారి అదే. యోగ్యతముల మనుగడ అనే మాట డార్విన్‌దని చాలామంది రాస్తారు, అది 1864లో స్పెన్సర్ వాడింది, డార్విన్ తర్వాత తీసుకున్నాడు. బలహీనులకి ప్రభుత్వం సాయం చెయ్యకూడదు అనేదాకా పోయాడు కాబట్టి మార్క్స్‌కి పూర్తిగా అవతలి ఒడ్డు. లండన్ హైగేట్ శ్మశానంలో ఇద్దరి సమాధులూ ఎదురెదురుగానే ఉన్నాయి. మార్క్స్ దగ్గరికి పోయేముందు ఈ ముక్క వాడుకోండి, పేరా మారడం తేలికవుతుంది.